గోలు కొట్టినోళ్ళకేనా పేరంతా?

ఐస్ హాకీ అంటే మంచుగడ్డ మీద ఆడే హాకీ. బంతికి బదులు నల్ల రబ్బరు బిళ్ళ ఉంటది. గోలు కొట్టినోడికి ఒక పాయింటు. దానికి ముందు పాసులిచ్చిన ఇద్దరి దాకా కూడా తలా ఒక పాయింటు ఇస్తారు. దాన్ని అసిస్టు అంటారు. ఇది అన్యాయమని కొందరంటారు. నేనైతే ఒప్పుకోను.

కెనడా ఆటగాడు వేన్ గ్రెట్జ్‌కీ 1999లో ఆట మానేనాటికి ఎన్‌హెచ్‌ఎల్ అనే పెద్ద లీగులో 894 గోల్స్ కొట్టాడు, 1963 అసిస్టులు చేశాడు. ఆ 894ను 2025లో రష్యా ఆటగాడు ఒవెచ్కిన్ దాటేశాడు. అయితే ఏంటి? గ్రెట్జ్‌కీ గోల్స్ అన్నీ తీసేసి అసిస్టులే లెక్కపెట్టినా, ఆ లీగులో ఇంకెవరి మొత్తం పాయింట్లూ దాన్ని అందుకోలేదు. అతను ఎదుటి జట్టు గోలు వెనకాల నిలబడి, ఖాళీగా ఎవరున్నారో చూసి పాసు ఇచ్చేవాడు. చూడటం కూడా ఆటే కదా!

రెండో అసిస్టు సంగతి మాత్రం వేరు. ఆఖరి పాసు కంటే ముందు ఊరికే బిళ్ళను తోసినోడికీ పూర్తి పాయింటే. ఒక్కోసారి ఆ తోపులోనే అసలు తెలివి ఉంటది, ఒక్కోసారి ఏమీ ఉండదు. కాగితం మీద రెండూ ఒకటే. నన్నడిగితే దానికి అర పాయింటు చాలు.

మన గ్రౌండులో హాకీ ఆడితే పాసు ఇచ్చినోళ్ళ పేరే రాయరు. ఈసారి ఆటల పోటీల్లో స్కోరు రాసే అక్కలు పుస్తకంలో ఇంకొక గడి గీయాలి. వార్డెన్ మేడమ్ గారు ఒప్పుకుంటే గీతలు నేనే గీస్తాను.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని