సంఖ్య సమాచారమయ్యేదెప్పుడు?

విజ్ఞాన నిర్వహణపై జరిగే చర్చల్లో దత్తాంశం, సమాచారం, జ్ఞానం అనే పదాలను పర్యాయాలుగా వాడటం పరిపాటి అయింది. ఇది భాషాదోషంతో ఆగదు. దాని నష్టాన్ని చివరకు భరించేది రైతు.

ఇందుకు భూసార పరీక్షా పత్రమే చక్కని ఉదాహరణ. 2015 ఫిబ్రవరి 19న సూరత్‌గఢ్‌లో ప్రారంభమైన జాతీయ పథకం కింద ఇచ్చే పత్రంలో 12 అంశాల విలువలు ఉంటాయి. లభ్య భాస్వరం ఎదురుగా ‘22’ అని ఉన్నదనుకుందాం. అది దత్తాంశం మాత్రమే. ఓల్సెన్ పద్ధతిలో హెక్టారుకు 22 కిలోల మూలక భాస్వరమైతే ఆ నేల మధ్యస్థం. అదే విలువ భాస్వరం పెంటాక్సైడు రూపంలోనిదైతే ఆ నేల అల్పం. మూలకాన్ని ఆ రూపంలోకి మార్చడానికి 2.29తో హెచ్చించాలి. ప్రమాణం తెలియని సంఖ్య రైతును ఏ మోతాదుకైనా నడిపించగలదు.

నమూనా ఎక్కడిదన్న ప్రశ్న కూడా ఇంతే ముఖ్యం. పథకం తొలి దశల్లో సాగునీటి భూముల్లో 2.5 హెక్టార్లకు, వర్షాధార భూముల్లో 10 హెక్టార్లకు ఒక నమూనాను నిర్దేశించారు. ఎకరం కమతం గల రైతు చేతిలోని విలువ తన పొలానిది కాక పొరుగు పొలానిది కావచ్చు. ఆ సంగతి చెప్పని పత్రం సమాచారమివ్వదు, భ్రమను కల్పిస్తుంది.

ఇక జ్ఞానం వేరు. పత్రంలో భాస్వరం ఒక వరుసలో, జింకు మరొక వరుసలో ఉంటాయి. భాస్వరం అధికంగా ఉన్న నేలలో పైరుకు జింకు అందుబాటు తగ్గుతుంది. 50 కిలోల డి.ఎ.పి. బస్తాలో 23 కిలోల భాస్వరం పెంటాక్సైడు ఉంటుంది. అలాంటి నేలలో ఏటా అలవాటుగా ఆ బస్తా వేసే వరి రైతుకు ఈ రెండు వరుసలనూ కలిపి చదివి చెప్పగలిగినది విస్తరణాధికారి అనుభవమే.

విలువలన్నిటినీ కంప్యూటరులో భద్రపరిస్తే విజ్ఞాన నిర్వహణ పూర్తయినట్లేనని కొందరి అభిప్రాయం. వేగం, భద్రత అవసరమే. అయితే అర్థం లోపించిన విలువను ఎంత వేగంగా చేరవేస్తే పొరపాటు అంత వేగంగా వ్యాపిస్తుంది.

కనుక ప్రతి విలువ వెంట ప్రమాణం, విశ్లేషణ పద్ధతి, నమూనా తీసిన చోటు, తేదీ తప్పక ఉండాలి. ఆ విలువ ఏ నిర్ణయాన్ని మార్చాలో తెలుగులో ఒక్క వాక్యంలో రాయాలి. రైతు వాస్తవంగా వేసిన ఎరువు, పొందిన దిగుబడి తిరిగి అదే ఖాతాలో చేరాలి. ఈ తిరుగు ప్రయాణం లేనంతవరకు పరిశోధనాలయం చెప్పడమే తప్ప నేర్చుకోవడం జరగదు. రైతు చేసే పనిలో మార్పు తేగలిగినప్పుడే సంఖ్య సమాచారమవుతుంది.