గెలిస్తేనే మన మనిషా?

2024 ఆగస్టు 11న పారిస్‌లో ఇటలీ మహిళల వాలీబాల్ జట్టు అమెరికాను 25-18, 25-20, 25-17 తేడాతో ఓడించింది. వాలీబాల్‌లో ఆ దేశానికి అదే తొలి ఒలింపిక్ స్వర్ణం. ఫైనల్లో 22 పాయింట్లు సాధించిన పావోలా ఎగోను ఆ పోటీలన్నిటికీ అత్యుత్తమ క్రీడాకారిణిగా ఎంపికయ్యారు. వెంటనే రోమ్‌లో ఇటలీ ఒలింపిక్ కమిటీ కార్యాలయం ఎదుట లైకా అనే వీధి చిత్రకారిణి ఆమె బొమ్మను గోడకెక్కించారు. అది గోడమీదికి వచ్చిన కొద్ది గంటలకే ఎవరో ఆ బొమ్మలోని నల్లని చర్మానికి గులాబి రంగు పూశారు. పతకం కావాలి, దాన్ని తెచ్చిన దేహం మాత్రం వద్దు. ఆ రంగు చెప్పిన మాట ఇదే. కులం తెలిసినవారికి ఈ మాట కొత్తది కాదు.

ఎగోను 1998లో ఉత్తర ఇటలీలోని చిత్తదెల్లాలో నైజీరియా నుంచి వలస వచ్చిన దంపతులకు పుట్టారు. తండ్రి లారీ డ్రైవరు, తల్లి నర్సు. ఇటలీలోనే పుట్టినా ఆమె పుట్టుకతో ఇటలీ పౌరురాలు కారు. 1992 నాటి పౌరసత్వ చట్టం ప్రకారం విదేశీయుల పిల్లలు ఆ నేల మీద పుట్టి, ఎడతెగకుండా అక్కడే నివసించినా పద్దెనిమిదేళ్లు నిండాకే పౌరసత్వం కోరగలరు. తండ్రికి పౌరసత్వం లభించినందువల్ల ఎగోను ఆ వయసుకు ముందే పౌరురాలయ్యారు. అదే చట్టం 2025లో సవరించేవరకు, ఏనాడో సముద్రం దాటి వెళ్లిపోయిన ఇటాలియన్ల మునిమనుమలకు సైతం, వారు ఇటలీ నేల తొక్కకపోయినా, హక్కును గుర్తించింది. ఒక దేశం నేల కంటే రక్తానికి విలువ ఇస్తే జరిగేది ఇదే. పుట్టుకను అర్హతగా మార్చే పని మన దగ్గర కులం చేస్తుంది, అక్కడ వంశం చేస్తుంది.

ఆమె క్రీడాజీవితాన్ని ఏ కొలమానంతో చూసినా లోటు కనిపించదు. 2018 ప్రపంచ పోటీల్లో రజతం. 2019లో నొవారా క్లబ్‌తో చాంపియన్స్ లీగ్ విజయం. తర్వాత కొనెల్యానోకు మారి 2021లో మళ్లీ అదే కిరీటం. ఆ క్లబ్ వరుసగా 76 మ్యాచ్‌లు గెలిచిన కాలంలో ప్రధాన దాడి ఆమెదే. 2021లో ఐరోపా చాంపియన్‌షిప్, 2022లో నేషన్స్ లీగ్. ఆ రెండింటిలోనూ ఉత్తమ క్రీడాకారిణి ఆమే. 2023లో తుర్కియేలోని వకీఫ్‌బ్యాంక్ తరఫున మరోసారి చాంపియన్స్ లీగ్. ప్రతిభను రుజువు చేసుకుంటే వివక్ష దానంతట అదే తొలగిపోతుందని వాదించేవారికి ఇంతకు మించిన రుజువు ఏం చూపాలి?

కాని జరిగింది వేరు. 2022 అక్టోబరు 15న ప్రపంచ పోటీల్లో కాంస్యం గెలిచిన కొద్దిసేపటికే, నువ్వు ఇటాలియన్‌వేనా అని తనను అడుగుతున్నారని, ఇక అలసిపోయానని, జాతీయ జట్టుకు ఇదే తన చివరి మ్యాచ్ అని ఆమె కంటతడితో చెప్పిన దృశ్యం దేశమంతా వ్యాపించింది. అంతకు ముందు సెమీఫైనల్లో ఇటలీ ఓడింది. ఓటమి వచ్చిన క్షణానే ఆమె పౌరసత్వం ప్రశ్నార్థకమైంది. నాటి ప్రధాని మారియో ద్రాగి స్వయంగా ఫోన్ చేసి ధైర్యం చెప్పారు. ఆమె తిరిగి వచ్చారు, ప్రశ్న మాత్రం పోలేదు. 2023లో రొబెర్తో వన్నాచి అనే సైనిక జనరల్ తన పుస్తకంలో, ఎగోను పౌరసత్వరీత్యా ఇటాలియన్ కావచ్చు గాని ఆమె ముఖకవళికలు ఇటాలియన్ తనానికి ప్రాతినిధ్యం వహించవని రాశారు. సైన్యం ఆయన్ను పదవి నుంచి తప్పించింది. మరుసటి ఏడాది ఓటర్లు ఐదు లక్షలకు పైగా ప్రాధాన్య ఓట్లతో ఐరోపా పార్లమెంటుకు పంపారు.

ఇక్కడ ఒక పోలిక చూడాలి. పారిస్‌లో స్వర్ణం గెలిచిన జట్టు శిక్షకుడు హూలియో వెలాస్కో అర్జెంటీనాలో పుట్టినవారు. ఆ జట్టులోని ఎకతెరీనా అంత్రోపోవా ఐస్‌లాండ్‌లో రష్యన్ తల్లిదండ్రులకు పుట్టి, 2023లో ఇటలీ పౌరసత్వం పొందారు. వారి రాకను దేశం సహజంగానే స్వీకరించింది, అలాగే స్వీకరించాలి కూడా. మరి ఇటలీలో పుట్టి, అక్కడి బడిలో చదివి, అక్కడి భాషలోనే మాట్లాడే ఎగోను ఎందుకు పదేపదే సంజాయిషీ ఇచ్చుకోవలసి వస్తున్నది? అడుగుతున్నది ఎక్కడి నుంచి వచ్చావని కాదు, నీ దేహం ఎవరిదని.

ఈ ప్రశ్నకు భారతీయ రూపం 2021 ఆగస్టులో హరిద్వార్ సమీపంలోని రోష్నాబాద్‌లో కనిపించింది. టోక్యో ఒలింపిక్స్‌లో దక్షిణాఫ్రికాపై మూడు గోల్స్ చేసి, ఒలింపిక్స్‌లో ఆ ఘనత సాధించిన తొలి భారతీయ మహిళగా నిలిచిన వందనా కటారియా ఇల్లు ఆ ఊళ్లోనే ఉంది. సెమీఫైనల్లో అర్జెంటీనా చేతిలో భారత జట్టు ఓడిన నాడు కొందరు ఆ ఇంటి ముందు టపాకాయలు కాల్చారని, జట్టులో దళితులు ఎక్కువైనందువల్లే ఓడిందని కులం పేరుతో దూషించారని కుటుంబం ఫిర్యాదు చేసింది. ఎస్సీ, ఎస్టీ అత్యాచార నిరోధక చట్టం కింద కేసు నమోదైంది, అరెస్టులు జరిగాయి. ఓటమికి కులాన్ని కారణంగా చూపినవారెవరూ, అంతకు నాలుగు రోజుల ముందు వచ్చిన ఆ మూడు గోల్స్‌కు అదే కులాన్ని కారణంగా చెప్పలేదు.

తెలుగు నేల ఈ వ్యాధికి అతీతమేమీ కాదు. 2016లో రియోలో పీవీ సింధు రజతం దిశగా సాగుతుండగా ఆమె కులమేమిటని గూగుల్‌లో వెతికినవారిలో తెలుగు రాష్ట్రాలవారే ముందున్నారని పత్రికలు రాశాయి. సింధు తల్లిదండ్రులిద్దరూ జాతీయస్థాయి వాలీబాల్ క్రీడాకారులు. తండ్రి రమణ 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టు సభ్యులు. ఆ పిల్ల ఆటకు మూలం వెతకదలచినవారికి ఇంటిలోనే కోర్టు కనిపించేది. మనవాళ్లు వెతికింది కులాన్ని. కటారియా ఇంటి ముందు జరిగింది వెలివేత, ఇక్కడ జరిగింది సొంతం చేసుకునే తాపత్రయం. రెండింటిలోనూ మనిషికి ముందు పుట్టుక నిలబడింది.

జాతి, కులం ఒకటేనని ఇక్కడ వాదించడం లేదు. ఒకే జాతి ప్రజలను సామాజికంగా విడదీసే వ్యవస్థ కులమని అంబేద్కర్ 1936లోనే స్పష్టం చేశారు. నలుపు కంటికి కనిపిస్తుంది, కులాన్ని ఆరా తీయాలి. ఎగోను చర్మానికి రంగు పూయాలనుకున్నవారికి డబ్బా కావలసివచ్చింది, మనకు ఇంటిపేరు, ఊరి పేరు సరిపోతాయి. పనిచేసే తీరు మాత్రం ఒకటే: గెలిచినప్పుడు ఆ మనిషి దేశానికి చెందుతుంది, ఓడినప్పుడు తన పుట్టుకకు. జర్మనీ ఫుట్‌బాల్ ఆటగాడు మెసుత్ ఓజిల్ 2018లో జాతీయ జట్టును వీడుతూ చెప్పినదాని సారమూ ఇదే.

రిజర్వేషన్ల చర్చలో తరచు వినిపించే ప్రతిభావాదానికి ఇక్కడే సమాధానం ఉంది. ప్రతిభ చూపితే కులం అడగమని ఆ వాదం హామీ ఇస్తుంది. ఎగోను, కటారియా ఇద్దరూ తమ వాటా షరతును నెరవేర్చారు, సమాజమే మాట తప్పింది. పైగా ఆ హామీలోనే ఒక అన్యాయం దాగి ఉంది. సమానత్వం బహుమతి అయినప్పుడు అది ఎప్పుడైనా వెనక్కి తీసుకోగలిగినది అవుతుంది.

2025 సెప్టెంబరులో బ్యాంకాక్‌లో తుర్కియేను 3-2తో ఓడించి ఇటలీ ప్రపంచ విజేత కూడా అయింది. ఆ జట్టులోనూ ఎగోను ఉన్నారు. అంతకు మూడు నెలల ముందు, పౌరసత్వం కోరేందుకు అవసరమైన నివాస కాలాన్ని పదేళ్ల నుంచి ఐదేళ్లకు తగ్గించాలన్న ప్రజాభిప్రాయ సేకరణ, ఓటింగు సుమారు 30 శాతం దగ్గరే ఆగి 50 శాతం దాటనందున చెల్లకుండా పోయింది. పతకాలకు చప్పట్లు కొట్టిన దేశం చట్టం మార్చడానికి బూత్‌దాకా రాలేదు. పతకం లేని లారీ డ్రైవరు కూతురు అక్కడ ఇంకా నిరీక్షిస్తూనే ఉంది. మన ఊళ్లలోనూ అంతే. వల కట్టిన మైదానంలో ఆడే దళిత బాలికకు, ఆమె ఎన్నడూ ఒక్క పోటీ గెలవకపోయినా, ఇంటి ముందు దూషణ లేకుండా బతికే హక్కు ఉన్నదా లేదా? మన ప్రజాస్వామ్యాన్ని కొలవవలసింది ఈ ప్రశ్నతోనే.