ముందు రబ్బరు మార్చండి, కిట్ తర్వాత కొందురు గాని



ఈసారి కారు గురించి రాస్తున్నాను. నా దగ్గర 1966 మస్టాంగ్ ఉంది. 289 వీ8 ఇంజన్. డబ్లిన్‌లో మా గరాజ్‌లో ఉంటుంది. కొందరు దీన్ని మజిల్ కార్ అనరు, పోనీ కార్ అంటారు. పేరు ఏదైనా, నేను చెప్పబోయే మాట ఆ కాలం కార్లు చాలావాటికి పనికొస్తుంది.

సంగతి ఏమిటంటే, మా అల్లుడికీ నాకూ ఆరు నెలలుగా ఒక వాదన నడుస్తోంది. అతనికి కార్లంటే ప్రాణం. "మావయ్యగారూ, ముందు భాగం మొత్తం మార్చేద్దాం. మస్టాంగ్ టూ కిట్ వేసి కాయిలోవర్లు పెడితే కొత్త కారులా పోతుంది" అంటాడు. నేను వద్దంటున్నాను. అల్లుడి మాట కాదనడం ఎంత కష్టమో మీకు తెలుసు. పండక్కి వచ్చినప్పుడైతే మరీ కష్టం. అందుకే నా కారణాలు వరసగా రాస్తున్నాను.

ముందు ఒక మాట నేర్చుకుందాం. సస్పెన్షన్‌ని మనవాళ్ళు కూడా సస్పెన్షన్ అనే అంటారు. కానీ లారీ వెనక ఒకదాని మీద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీలు ఉంటాయి చూడండి, వాటిని కమాన్ కట్టలు అంటారు. కమాన్ అంటే విల్లు. ఉర్దూ నుంచి వచ్చిన మాట. విజయవాడ ఆటోనగర్‌లో ఏ మెకానిక్‌ని అడిగినా చెప్తాడు. నా మస్టాంగ్ వెనక ఉన్నవి కూడా కమాన్ కట్టలే. ముందు వైపు మాత్రం చుట్ట స్ప్రింగులు. ఒక్కో చక్రానికి పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి ఉంటాయి. స్ప్రింగ్ పై చెయ్యి మీద కూర్చుంటుంది. దాని పై కొస షాక్ టవర్ అనే ఇనుప గూటిలో ఉంటుంది. ఈ టవర్ గుర్తుపెట్టుకోండి. మా గొడవంతా దాని గురించే.

ఇప్పుడు కారు జబ్బు చెప్తాను. 580 మీద పెద్ద ట్రక్కు పక్కనుంచి వెళ్తే కారు పక్కకి జరుగుతుంది. స్టీరింగ్‌ని ఊరికే సరిచేస్తూ ఉండాలి. గుంతలో పడితే ఒకసారి ఊగి ఆగదు, మూడు నాలుగు సార్లు ఊగుతుంది. మలుపులో ఒక పక్కకి బాగా ఒరుగుతుంది. ఇవన్నీ చూసి మా అల్లుడు "డిజైనే పాతది" అంటాడు. డిజైన్ పాతదే, నిజం. కానీ ఆ డిజైన్ ఎలా పని చేస్తుందో మేమిద్దరం ఇంకా చూడలేదు. మేం చూస్తున్నది అరిగిపోయిన రబ్బరుని.

ప్రతి కీలు దగ్గరా ఒక రబ్బరు బుష్ ఉంటుంది. ఏళ్ళు గడిస్తే అది ఎండిపోయి పగులుతుంది. అప్పుడు చక్రం ఉండాల్సిన కోణంలో ఉండదు. బ్రేక్ వేస్తే ఒక కోణం, వదిలితే ఇంకో కోణం. షాక్ అబ్జార్బర్ల సంగతీ అంతే. స్ప్రింగ్ శక్తిని దాచుకుని తిరిగి ఇచ్చేస్తుంది. ఆ శక్తిని వేడిగా మార్చి ఊపు ఆపేది షాక్. షాక్ చచ్చిపోతే ఎంత ఖరీదైన స్ప్రింగ్ వేసినా కారు ఉయ్యాల ఊగుతూనే ఉంటుంది.

కాబట్టి నా వరస ఇది.

మొదట కారుని జాక్ మీద ఎత్తి చక్రాన్ని చేత్తో కదిపి చూడాలి. బాల్ జాయింట్లు, స్టీరింగ్ కీళ్ళు, బుష్‌లు, ఏవి వదులైతే అవి మార్చాలి. రబ్బరు బదులు పాలీయురెథేన్ వెయ్యమని చాలామంది చెప్తారు. అది గట్టిది. యాంటీ రోల్ బార్‌కి బాగుంటుంది. కానీ ఈ కారులో కింది చేతిని ముందుకి పట్టుకునే ఒక కడ్డీ ఉంది. అది అన్ని దిక్కులా కొంచెం కదలాలి. అక్కడ గట్టి బుష్ వేస్తే ఆ కదలిక భారం కడ్డీ మీద పడి కడ్డీయే వంగడానికి చూస్తుంది. అక్కడికి నేను రబ్బరే వేస్తాను. గట్టిదంతా మంచిది కాదు.

రెండోది, మంచి షాకులు నాలుగు. ఊగడం దీనితోనే ఆగుతుంది.

మూడోది, వీల్ ఎలైన్‌మెంట్. 1966లో ఈ కారు బయాస్ ప్లై టైర్లతో వచ్చింది. కంపెనీ పుస్తకంలో ఉన్న కోణాలు ఆ టైర్లకి రాసినవి. ఇప్పుడు మనం వేసేవి రేడియల్ టైర్లు. వాటికి క్యాస్టర్ ఇంకొంచెం ఎక్కువ కావాలి. క్యాంబర్ కొంచెం మైనస్‌లో ఉండాలి. క్యాస్టర్ పెంచితే కారు తిన్నగా పోతుంది. పవర్ స్టీరింగ్ లేకపోతే చేతికి బరువుగా ఉంటుంది, అది ఒప్పుకోవాలి. షాపువాళ్ళు కంప్యూటర్‌లో ఉన్న పాత అంకెలే పెట్టేస్తారు. మనం కాగితం మీద రాసుకెళ్ళి అడగాలి.

నాలుగోది నాకు చాలా ఇష్టమైనది. దాన్ని షెల్బీ డ్రాప్ అంటారు. 1965లో కారల్ షెల్బీ జీటీ350 చేసినప్పుడు ముందు పై చెయ్యి బోల్టుల్ని ఒక అంగుళం కిందకి దించారు. ఈ ఆలోచన ఫోర్డ్ ఇంజనీర్ క్లాస్ ఆర్నింగ్‌ది. ఫ్యాక్టరీ కారులో మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం పైభాగం బయటికి వాలుతుంది. టైరు అంచు మీద నడుస్తుంది. పై చెయ్యి దించితే ఆ తప్పు చాలావరకు పోతుంది. దీనికి కావలసింది కొలతల అట్ట, డ్రిల్లు, ఓపిక. ఒక్కో వైపు రెండు కన్నాలు. పాత కన్నాలు అలాగే ఉంటాయి. నచ్చకపోతే మళ్ళీ పైకి బిగించుకోవచ్చు.

ఐదోది, ముందు ఒక అంగుళం యాంటీ రోల్ బార్. జీటీ350కి కూడా అంతే వేశారు. బార్ బిగువు దాని మందానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. ముప్పావు అంగుళం బార్ తీసి అంగుళం బార్ వేస్తే బిగువు మూడు రెట్లు దాటుతుంది. ఒరగడం తగ్గుతుంది. స్ప్రింగులు మార్చక్కర్లేదు. తిన్నటి రోడ్డు మీద మెత్తదనం అలాగే ఉంటుంది.

ఇంతవరకు అయ్యే ఖర్చు ఒక పూర్తి కిట్ ఖర్చులో చిన్న ముక్క. మిగిలిన డబ్బుతో ఏం చెయ్యాలో కూడా నాకు తెలుసు. బ్రేకులు. 1966 మస్టాంగ్‌లో నాలుగు చక్రాలకీ ఒకటే మాస్టర్ సిలిండర్ గది. ఎక్కడ ఒక గొట్టం కారినా నాలుగు బ్రేకులూ పోతాయి. 1967 నుంచి రెండు గదులు వచ్చాయి. మా మనవరాలు వెనక సీట్లో కూర్చుని గుడికి వస్తుంది. మలుపులో ఎంత వేగంగా పోతాం అన్నదానికన్నా, లివర్‌మోర్ దారిలో ముందు కారు ఆగితే మనం ఆగుతామా అన్నది నాకు ముఖ్యం.

ఇప్పుడు మా అల్లుడి వైపు కూడా చెప్పాలి. లేకపోతే న్యాయం కాదు. అతని మాట ఇది: "ఇప్పుడు బుష్‌లు, షాకులు కొని, రెండేళ్ళకి కిట్ కొంటే అవన్నీ పారెయ్యాలి. డబ్బు రెండుసార్లు ఖర్చు. కిట్‌లో అన్ని భాగాలూ ఒకదానికొకటి సరిపోయేలా చేస్తారు." ఇది తెలివైన మాట. టవర్లు తుప్పు పట్టి ఉంటే, లేదా టవర్ల మధ్య పట్టని పెద్ద ఇంజన్ పెట్టాలనుకుంటే, అతనిదే సరైన దారి. కారుని సొనోమా రేస్ ట్రాక్‌కి తీసుకెళ్ళేవాళ్ళకి సర్దుకోగలిగే కాయిలోవర్లు నిజంగా ఉపయోగం.

కానీ మా కారు ఎక్కడికి పోతుంది? గుడికి, ప్లెజంటన్ ఫెయిర్‌గ్రౌండ్స్‌లో గుడ్‌గైస్ షోకి, ఎప్పుడైనా ఆదివారం పొద్దున నైల్స్ కాన్యన్‌కి. డిక్కీలో అన్నదానానికి రెండు బియ్యం బస్తాలు కూడా ఉంటాయి. కారు మరీ కిందకి దించితే మా ఇంటి ముందు వాలులోనే గీసుకుంటుంది.

ఇంకొకటి ఉంది. మస్టాంగ్ టూ కిట్ వెయ్యాలంటే షాక్ టవర్లు కోసెయ్యాలి. ఈ కారుకి వేరే చట్రం లేదు, బాడీయే చట్రం. ఆ టవర్లు బాడీలో భాగం. కోసిన తర్వాత బోల్టు విప్పి వెనక్కి పోలేం. 1974లో వచ్చిన ఇంకో మస్టాంగ్ ముందు భాగం నమూనాని తెచ్చి దీనికి అతికిస్తున్నాం. బాగా చేసేవాళ్ళు ఉన్నారు. వెల్డింగ్ సరిగ్గా రానివాళ్ళు చేస్తే మాత్రం ఏం జరుగుతుందో చెప్పక్కర్లేదు.

గుడిలో జీర్ణోద్ధరణ అనే మాట వింటుంటాం. జీర్ణం అంటే పాతబడింది, ఉద్ధరణ అంటే పైకి లేపడం. పగిలిన చోట బాగు చేస్తారు, కారే చోట కప్పు వేస్తారు, కావాలంటే కొత్త మండపం కడతారు. గర్భగుడి గోడ పడగొట్టడంతో ఎవరూ మొదలుపెట్టరు. నాకు సస్పెన్షన్ కూడా అలాగే కనిపిస్తుంది. వెనక్కి తీసుకోగలిగే పనులు ముందు. వెనక్కి తీసుకోలేనివి చివర, అదీ అవసరమని తేలితేనే.

కాబట్టి నా సలహా. మీ దగ్గర పాత కమారో ఉన్నా, షెవెల్ ఉన్నా, కేటలాగ్ తెరవడానికి ముందు కారు కింద పడుకుని చూడండి. కారు దేనికి వాడతారో ఒక కాగితం మీద రాయండి. కలలో వాడేది కాదు, నిజంగా వాడేది. తర్వాత ఒక్కో మార్పు చేసి, నడిపి, మళ్ళీ ఆలోచించండి. అన్నీ ఒకేసారి మారిస్తే ఏది మంచి చేసిందో, ఏది చెడ్డ చేసిందో తెలియదు.

మా ఇంట్లో ఒప్పందం ఇలా కుదిరింది. ఈ ఏడాది నా వరస. పని అంతా అల్లుడే చేస్తాడు, నేను పానాలు అందిస్తాను. అయ్యాక ఇద్దరం నైల్స్ కాన్యన్‌లో నడుపుతాం. అప్పటికీ అతనికి కిట్ కావాలనిపిస్తే మళ్ళీ కూర్చుని మాట్లాడుకుంటాం. సగం డబ్బు నేను ఇస్తానని మాట ఇచ్చాను. ఆ మాట మీద మా అమ్మాయి సాక్షి.

బుష్‌ల పెట్టె నిన్న వచ్చింది. శనివారం మొదలుపెడుతున్నాం.