రేఖలకు కదలిక నేర్పే చదువు

ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడే దినాలలో మా మద్రసాకు వచ్చే తల్లిదండ్రుల ప్రశ్నలు ఒకప్పుడు రెండు మూడు చదువుల చుట్టూనే తిరిగేవి. ఇటీవలి కాలంలో ఒక కొత్త ప్రశ్న తరచుగా వినవస్తున్నది: “హజ్రత్, మా వాడు యానిమేషన్ చదువుతానంటున్నాడు. బొమ్మలు గీయడమే ఆ చదువట. చేర్పించవచ్చునా?” అవుననో కాదనో ఒక్క మాట చెప్పి పంపివేయడం సులభమే. కానీ విషయం తెలియకుండా ఇచ్చిన జవాబు వల్ల ఒక బిడ్డ నాలుగేండ్ల కాలం, ఒక ఇంటి కష్టార్జితం, తండ్రీకొడుకుల నడుమ ఉన్న నమ్మకం చెడిపోవచ్చు. కనుక ఆ చదువు లోపల ఏమున్నదో ముందు చూద్దాం. తీర్పు మాట ఆ తర్వాత.

ఒకే పేరుతో చలామణి అవుతున్న ఈ చదువులు నిజానికి రెండు. యానిమేషన్ కళాశాఖకు చెందినది. చిత్రలేఖనం, కథనం, రంగుల కూర్పు, శరీర చలనాల పరిశీలన అందులోని పాఠాలు. సినిమా తెరపై ఒక సెకనుకు 24 నిశ్చల చిత్రాలు దొర్లిపోతాయి. అంటే నిమిషానికి 1,440 చిత్రాలు. వాటి నడుమ ఉన్న స్వల్ప భేదాలనే మన కన్ను చలనంగా గ్రహిస్తుంది. కంప్యూటర్ గ్రాఫిక్స్ గణితానికి, కంప్యూటర్ శాస్త్రానికి చెందినది. వస్తువు ఆకారాన్ని సంఖ్యలలోకి మార్చడం, దానిపై వెలుగు ఎలా పడుతుందో, నీడ ఎటు వాలుతుందో లెక్కగట్టడం అందులోని పని. ఇంటర్మీడియట్‌లో పిల్లలు చదివే సదిశలు, మాత్రికలే దానికి పునాది.

ఈ శాస్త్రం విశ్వవిద్యాలయాలలోనే పెరిగింది. 1963లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఐవాన్ సదర్లాండ్ అనే పరిశోధక విద్యార్థి, కంప్యూటర్ తెరపై కాంతి కలంతో గీతలు గీసే ‘స్కెచ్‌ప్యాడ్’ను రూపొందించాడు. తరువాత ఆయన అధ్యాపకుడుగా చేరిన యూటా విశ్వవిద్యాలయం 1970ల దశకంలో ఈ విద్యకు కేంద్రమయింది. వియత్నాంలో పుట్టిన బుయ్ తువోంగ్ ఫోంగ్, నునుపైన వస్తువుపై వెలుగు మెరిసే తీరును లెక్కించే పద్ధతిని అక్కడే కనుగొన్నాడు. 1975లో మార్టిన్ న్యూవెల్ అక్కడే తన ఇంటి టీ పాత్ర ఆకారాన్ని సంఖ్యలలోకి మార్చాడు. అప్పటి నుండి పరిశోధకులెందరో తమ కొత్త పద్ధతులను ఆ టీ పాత్రపైనే పరీక్షించి చూసుకున్నారు. అసలు పాత్రను కాలిఫోర్నియాలోని కంప్యూటర్ చరిత్ర మ్యూజియంలో భద్రపరచారు. ఈ శాస్త్రంలో అత్యంత ప్రసిద్ధమైన రూపం ప్రాణి బొమ్మ కాదు, ఇంట్లో చాయ్ పోసుకునే పాత్ర!

దీని మూలాలను వెదుకుతూ వెళితే మన పూర్వ విద్వాంసులు కూడా కనిపిస్తారు. 965 ప్రాంతంలో బస్రాలో జన్మించి, కైరోలో పరిశోధనలు సాగించిన ఇబ్నుల్ హైథమ్ ‘కితాబుల్ మనాజిర్’ రచించారు. కంటి నుండే కిరణాలు బయలుదేరి వస్తువును తాకుతాయన్న యూక్లిడ్, టోలెమీల వాదాన్ని ఆయన ఖండించి, వస్తువు నుండి వచ్చే వెలుగే కంటిని చేరుతుందని ప్రయోగాలతో వివరించారు. గోళాకారపు అద్దంపై ఏ బిందువు వద్ద వెలుగు పరావర్తనం చెంది కంటిని చేరుతుందన్న చిక్కు లెక్కకు నేటికీ ఆయన పేరే ఉన్నది. కంప్యూటర్ ఒక దృశ్యాన్ని తయారు చేసేటప్పుడు, కిరణం ఎక్కడ తాకి ఎటు మళ్ళుతుందో లెక్కించేది ఆ కోవకు చెందిన గణితంతోనే. ‘అల్గారిథమ్’ అన్న పేరు కూడా 9వ శతాబ్దపు బాగ్దాదు పండితుడు అల్ ఖ్వారిజ్మీ నామం నుండే వచ్చింది. గొప్పలు చెప్పుకోవడానికి దీనిని ప్రస్తావించడం లేదు. వెలుగును గురించిన ఈ గణితం మనకు పరాయి విద్య కాదని చెప్పడానికే.

ఇక అసలు సందేహం ప్రాణుల రూపాలను గురించినది. చిత్రాలు తయారు చేసేవారిని దైవప్రవక్త (స) తీవ్రంగా హెచ్చరించిన హదీసులు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్నాయి. వాటిని పాతకాలపు మాటలని తోసివేయడం విశ్వాసికి తగదు. చిత్రాలు గీసి బ్రతికే ఒక వ్యక్తి తన సంగతి చెప్పుకున్నప్పుడు, హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) ఆ హెచ్చరికను వినిపించి, ఆ పని తప్పదనుకుంటే చెట్లను, ప్రాణం లేని వస్తువులను గీసుకొమ్మని చెప్పారు. గమనించండి, ఆయన అతని ఉపాధిని మూసివేసి పంపలేదు, మరో దారి చూపారు. మరోవైపు హజ్రత్ ఆయిషా (రజి) బొమ్మలతో ఆడుకోవడమూ, ఆమె వద్ద ఉన్న రెక్కల గుర్రం బొమ్మను చూసి దైవప్రవక్త (స) నవ్వడమూ హదీసులలోనే ఉన్నాయి. పిల్లల శిక్షణకు ఉపకరించే బొమ్మల విషయంలో పలువురు పండితులు సడలింపు చూపడానికి ఇది ఒక ఆధారం.

తెరపై కదిలే దృశ్యానికి స్థిరమైన ఉనికి లేదు కనుక దాని తీర్పు వేరని చెప్పే ధర్మపండితులున్నారు. ప్రాణి రూపాన్ని మనిషి కల్పిస్తున్నంత కాలం సాధనం మారినా తీర్పు మారదని చెప్పేవారూ ఉన్నారు. ఈ భేదాభిప్రాయాన్ని ఒక పత్రికా శీర్షికలో తేల్చివేయడం సబబు కాదు. మీరు విశ్వసించే ముఫ్తీని అడగండి. అయితే ‘యానిమేషన్ హలాలా, హరామా?’ అని అడిగి ఊరుకోకండి. ‘ఈ కోర్సులో ఈ పాఠాలున్నాయి, మా బిడ్డ ఫలానా పనిలో స్థిరపడదలచాడు’ అని పాఠ్యప్రణాళిక ముందుంచి అడగండి. ప్రశ్న ఎంత వివరంగా ఉంటే జవాబు అంత స్పష్టంగా వస్తుంది. అశ్లీలత, షిర్కు, ఇతరుల పరువు తీసే దృశ్యాల విషయంలో మాత్రం భేదాభిప్రాయానికి తావే లేదు.

ప్రాణి బొమ్మల జోలికి పోకుండానే ఈ విద్యతో చేయదగిన పనులు అనేకం. కట్టబోయే భవనాన్ని ముందుగానే కళ్ళకు కట్టేది ఇదే. సి.టి. స్కాన్ తీసిన పొరలను కలిపి, రోగి శరీరంలోని అవయవాన్ని వైద్యుని ఎదుట తెరపై నిలిపేది ఇదే. విమాన చోదకులకు నేలపైనే శిక్షణ ఇచ్చే సిమ్యులేటర్లలోనూ ఇదే ఉన్నది. ఇక పిల్లల కథల విషయానికి వస్తే, మలేషియాలో ‘ఉపిన్, ఇపిన్’ అనే కవల పిల్లల ధారావాహిక 2007లో ప్రారంభమయింది రమజాన్ ఉపవాసాలను గురించి బాలలకు చెప్పడానికే. అన్నం తినిపించే వేళ బిడ్డ చేతికి ఫోను ఇచ్చి ఎవరో తీసిన కార్టూన్లు చూపిస్తూ, వాటిని తయారు చేసే చదువు పేరు వింటేనే ఉలిక్కిపడడంలో పొంతన ఎక్కడున్నది? చూపే ముందు కూడా అదే ప్రశ్న వేసుకోవాలి కదా!

ఉపాధి సంగతిలోనూ కళ్ళు తెరచి నడవాలి. హైదరాబాదులోనూ శాఖ నడిపిన అమెరికా సంస్థ ‘రిథమ్ అండ్ హ్యూస్’ 2013లో విజువల్ ఎఫెక్ట్స్‌కు ఆస్కార్ పురస్కారం అందుకున్నది. దానికి కొద్ది దినాల ముందే అది దివాలా రక్షణ కోసం కోర్టును ఆశ్రయించింది. పురస్కారం ఉన్నంత మాత్రాన ఆదాయం నిలకడగా ఉండదని ఈ ఒక్క ఉదంతం చాలు. ఈ రంగంలో పని గడువుల మీద నడుస్తుంది. గడువు దగ్గరపడితే రాత్రిళ్ళూ పని తప్పదు. నమాజు వేళలను కాపాడుకోగల నిబ్బరం బిడ్డలో ఉన్నదా అన్నది కూడా ఆలోచించదగినదే.

ఫీజు కట్టే ముందు ఈ జాగ్రత్తలు పాటించండి. పట్టా ఇచ్చేది యు.జి.సి. గుర్తింపు పొందిన విశ్వవిద్యాలయమా, లేక శిక్షణ కేంద్రం పేరిట ఇచ్చే కాగితమా అని విచారించండి. ఐ.ఐ.టి. హైదరాబాదులో డిజైన్ పట్టా చదువుకు ‘యూసీడ్’ ప్రవేశ పరీక్ష ఉన్నది. అహ్మదాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ యానిమేషన్‌ను ప్రత్యేకంగా బోధిస్తున్నది. గణితంలో చురుకైన బిడ్డ కంప్యూటర్ సైన్సు ఇంజనీరింగులో చేరి గ్రాఫిక్స్ వైపు మళ్ళవచ్చు. మనుషుల రూపచిత్రణ తప్పనిసరి పాఠమా, ప్రత్యామ్నాయం ఉన్నదా అని అధ్యాపకులను ముందే అడగండి. అన్నిటికీ ముందు, ‘బ్లెండర్’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఇంట్లో ఆరు నెలలు అభ్యాసం చేయనివ్వండి. 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ పొందిన లాట్వియా దేశపు ‘ఫ్లో’ దానితోనే తయారయింది. ఆ ఆరు నెలలలో బిడ్డకు ఉన్నది నిజమైన ఆసక్తియో, ప్రకటనలు చూసి కలిగిన మోజో తేలిపోతుంది.

ప్రియమైన బిడ్డలారా! అబ్బా, అమ్మీ సందేహిస్తున్నారంటే అది మీపై ద్వేషం కాదు, మీ పరలోకం గురించిన చింత. పాఠ్యప్రణాళిక తెచ్చి వారి పక్కన కూర్చుని చదివి వినిపించండి. తల్లిదండ్రులారా! వినకుండా కాదంటే బిడ్డ చాటుగా చేస్తాడు. విచారించకుండా సరేనంటే ఒంటరిగా దారి తప్పుతాడు. రెండింటికీ మధ్య ఉన్నది కలిసి కూర్చుని తెలుసుకోవడం, అనుభవజ్ఞులతో సంప్రదించడం, ఆ పిమ్మట ఇస్తిఖారా చేయడం. చేతిలోని నైపుణ్యం అల్లాహ్ ఇచ్చిన అమానత్. దానిని ఎక్కడ వినియోగించామన్న లెక్క ఒకనాడు అప్పగించవలసిందే.

మన బిడ్డలకు ప్రయోజనకరమైన జ్ఞానాన్ని, ధర్మసమ్మతమైన ఉపాధిని అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్.