కొండల్లో వాన, భీమిలి కడలిలో బురద

విశాఖ బీచ్‌రోడ్డులో ఎండ కాస్తోంది కదా అని మంగమారిపేట దగ్గర స్కూబా డైవింగ్‌కి దిగిపోకూడదు. ముందురోజు అనంతగిరిలో ఎంత వాన పడిందో కనుక్కోవాలి. అరకు దారిలోని ఆ కొండల్లోనే గోస్తని నది పుడుతుంది. బొర్రా గుహల మీదుగా పారి, తాటిపూడి జలాశయంలో కాస్త నిలిచి, భీమునిపట్నం (భీమిలి) దగ్గర సముద్రంలో కలుస్తుంది.

బొర్రా చుట్టూ సున్నపురాయి. వాననీరు మట్టిలో ఇంకి వడకట్టుకునే వ్యవధి అక్కడ ఉండదు, రాతి పగుళ్లలోంచి తిన్నగా ఊటల్లోకి దిగుతుంది. దారిలో ఉన్న పేడా, మలమూ దాంతోపాటే పోతాయి. ఆ నీళ్లు ముందు తాగేది గిరిజన గూడేలే. కాచి చల్లార్చి తాగమని చెప్పడం తేలిక. కట్టెలు తడిసి పొయ్యి రాజుకోని ముసురులో బిందెడు నీళ్లు కాచడం ఎంత కష్టమో అక్కడి ఇల్లాలికే తెలుసు.

బురద చాలావరకు తాటిపూడిలోనే పేరుకుంటుంది. అయితే గేట్లు ఎత్తినా, దిగువ పొలాల మీద కుండపోత కురిసినా భీమిలి దగ్గర నీళ్లు ఎర్రబారతాయి. ఇటు నగరపు మురుగు గెడ్డలు కూడా అప్పుడే పొంగుతాయి. సూక్ష్మజీవుల్ని చంపే సూర్యకాంతిని ఆ బురద అడ్డుకుంటుంది.

డైవర్లు గమనించాల్సింది ఇంకోటుంది. నది తెచ్చే మంచినీరు తేలిక, ఉప్పునీటి మీద పొరలా పరుచుకుంటుంది. అడుగున తేటగానే ఉండొచ్చు. పైకి వచ్చేటప్పుడు మాత్రం తోటివాడు కనబడడు, పడవ ఎటుందో తెలియదు. పైగా నోట్లోంచి గాలి అందించే రెగ్యులేటర్ తీసేదీ, మాస్కు ఎత్తేదీ సరిగ్గా ఆ మురికి పొరలోనే. విరేచనాలూ, చెవిపోటూ అక్కడే అంటుకుంటాయి.

విశాఖలోని రుషికొండ బీచ్‌కు 2020లో పరిశుభ్రమైన బీచ్‌లకిచ్చే అంతర్జాతీయ బ్లూఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. దాని నియమం ప్రకారం నీటి పరీక్షల మధ్య 31 రోజులు మించకూడదు. నెలకోసారి నింపే నమూనా సీసా వాన మర్నాటి సంగతి ఏం చెబుతుంది? ల్యాబ్ ఫలితం వచ్చేసరికే ఒక రోజు గడిచిపోతుంది. లాస్ ఏంజిలెస్‌లో అయితే ఫలితం కోసం చూడరు. వాన వెలిశాక 72 గంటలు సముద్రంలో దిగొద్దని ముందే చెప్పేస్తారు.

ఇక్కడా వాన లెక్కనే హెచ్చరికగా తీసుకోవాలి. అనంతగిరిలో భారీ వర్షం నమోదైన రోజే గూడేల్లోని ఆశా కార్యకర్తల చేతికి క్లోరిన్ బిళ్లలు చేరాలి. ముందు జరగాల్సింది ఇదే, ఎందుకంటే డైవరు మూడు రోజులు ఆగగలడు, గూడేల వాళ్లు నీళ్లు తాగకుండా ఆగలేరు. తాటిపూడి గేట్ల సమాచారం డైవింగ్ కేంద్రాలకు అప్పటికప్పుడు అందాలి. బుకింగు డబ్బు పోతుందని ఎవరూ సాహసించకుండా, వాన వల్ల ఆగిన డైవ్‌కి అదనపు రుసుము లేకుండా మరో తేదీ ఇవ్వాలన్న షరతు ఆ కేంద్రాల అనుమతి పత్రంలోనే పెట్టాలి.