ఏఆర్‌టీ రిజిస్టర్‌లో డిఫాల్టర్ ఎవరు?

హెచ్ఐవి గురించి మన దేశంలో జరిగే మాటంతా ‘ప్రవర్తన’ చుట్టూనే తిరుగుతుంది. రిస్కు ప్రవర్తన, ప్రవర్తనలో మార్పు, బాధ్యతలేని ప్రవర్తన. దేవుడి పేరున జోగినిగా మార్చిన దళిత ఆడపిల్ల బతుకును కూడా ఈ భాష రిస్కు ప్రవర్తన కిందే జమ కడుతుంది. అక్కడ ప్రవర్తన ఎవరిది? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1988లో చట్టం చేసి నిషేధించింది ఊరి పెద్దల ప్రవర్తనను కదా!

అదే వరసలోది ‘డిఫాల్టర్’ అనే మాట. ఏఆర్‌టీ మాత్రలు ఆపేసిన మనిషికి వాడుకలో ఉన్న పేరిది. అప్పు కట్టనివాడిని బ్యాంకు పిలిచే పేరు కూడా ఇదే. న్యూరోసైన్స్ చదువుతున్న దళిత విద్యార్థిగా నా అభ్యంతరం మర్యాద దగ్గర ఆగదు. శాస్త్రపరంగానే ఆ మాట తప్పు.

ఈ వైరస్ సీడీ4 కణాలను చంపుతుందని అందరికీ తెలుసు. సోకిన తొలి వారాల్లోనే మెదడును చేరుతుందన్నది తక్కువ మందికి తెలుసు. రక్తంలోని మోనోసైట్లనే రోగనిరోధక కణాల్లో దాక్కుని, మెదడు చుట్టూ ఉన్న రక్షణ గోడను దాటుతుంది. న్యూరాన్లలోకి దూరదు. మెదడుకు కాపలా కాసే మైక్రోగ్లియా కణాల్లో తిష్ఠ వేస్తుంది. అక్కడినుంచి వెలువడే జీపీ120, టాట్ అనే వైరస్ ప్రోటీన్లు, వాటితో పాటు సైటోకైన్లనే వాపు రసాయనాలు కలిసి న్యూరాన్ల మధ్య సంబంధాలను దెబ్బతీస్తాయి. ముఖ్యంగా నష్టపోయేవి స్ట్రయాటమ్‌ను మెదడు ముందు భాగంతో కలిపే సర్క్యూట్లు. అనుకున్న పని వేళకు గుర్తు రావడం, లేచి ఆ పని మొదలుపెట్టడం, అసలు ఏదైనా చేయాలన్న ఆసక్తి, ఇవన్నీ ఆ సర్క్యూట్ల మీద ఆధారపడ్డవే. రాత్రి 9 గంటలకు మాత్ర వేసుకోవడానికి కావలసినవీ అవే.

మాత్రలు మరిస్తే వైరస్ పెరుగుతుంది, వాపు పెరుగుతుంది, దాంతో మరుపూ పెరుగుతుంది. మందులతో రక్తంలో వైరస్ కనబడని స్థాయికి తగ్గినవాళ్లలో కూడా మెదడులో కొంత వాపు మిగిలిపోవచ్చు. దీనికితోడు మన కార్యక్రమం ఏళ్ల తరబడి ఇచ్చిన ఎఫావిరెంజ్‌కు తలతిరుగుడు, పీడకలలు, కుంగుబాటు తెలిసిన దుష్ప్రభావాలే. డోల్యుటెగ్రావిర్ వచ్చాక ఆ బాధ చాలావరకు తగ్గింది. మిస్సయిన ప్రతి మాత్రకూ మెదడే కారణమని నేననడం లేదు. సెంటర్‌కు వెళ్తే ఆ రోజు కూలి పోతుంది. మాత్రల డబ్బా ఇంట్లో ఎవరి కంటా పడకూడదు. పడితే వెలి మీద ఇంకో వెలి.

ఈ మాటలే ఒక సెమినార్‌లో చెబితే ఒక ప్రొఫెసర్ అడిగారు: “చదువులేనివాళ్ల జ్ఞాపకశక్తి ముందునుంచీ అంతే కదా?” అక్షరాలనూ అంకెలనూ వరసగా కలిపే పరీక్షను బడి గడప తొక్కనివ్వని మనిషి ముందు పెట్టి, మార్కులు తక్కువొస్తే మెదడును అనడం ఆ ప్రశ్నలో ఉన్న తెలివి. నిమ్‌హాన్స్ 2004లో తన పరీక్షలకు చదువు స్థాయిని బట్టి వేరువేరు ప్రమాణాలు ఇచ్చింది ఊరికే కాదు. 2005లో వచ్చిన అంతర్జాతీయ హెచ్ఐవి డిమెన్షియా స్కేలుకు అక్షరమే అక్కర్లేదు. వేళ్లు వేగంగా ఆడించడం, చేతి కదలికల వరస, నాలుగు మాటలు గుర్తుంచుకోవడం, అంతే. నర్సు కొద్ది నిమిషాల్లో చేయగలదు.

ఇందులో ఇంకో ప్రమాదం ఉంది, మన విద్యార్థులు దాన్నీ కనిపెట్టి ఉండాలి. 2007 నాటి ఫ్రాస్కాటి ప్రమాణాలు ఏ లక్షణమూ లేనివాళ్లకు కూడా ‘లోపం’ అంటగట్టే వీలిచ్చాయి. ఆరోగ్యవంతులు కూడా అందులో చిక్కుకుంటారని పరిశోధకులే విమర్శించారు. 1871 నేరస్థ జాతుల చట్టంతో పుట్టుకనే నేరంగా రాసిన దేశంలో ‘వాళ్ల మెదడే అంత’ అనడానికి ఎంతసేపు పడుతుంది?

2017 హెచ్ఐవి చట్టం 14వ సెక్షన్ చూడండి. ప్రభుత్వం ఏఆర్‌టీని ‘వీలైనంత మేరకు’ అందిస్తుందట. రోగి మాత్రం 95 శాతానికి పైగా మాత్రలు వేసుకుని తీరాలి. 2022 జూలై, ఆగస్టుల్లో మందుల కొరతపై ఢిల్లీలోని నాకో కార్యాలయం దగ్గర పాజిటివ్ వ్యక్తులు వారాల తరబడి ధర్నా చేశారు. అప్పుడు డిఫాల్టర్ ఎవరు?

‘వీలైనంత మేరకు’ అన్న మాట చట్టంలోంచి పోవాలి. ‘డిఫాల్టర్’ అన్న మాట సెంటర్లలో వినబడకూడదు. ప్రతి ఏఆర్‌టీ సెంటర్‌లో ఏడాదికోసారి ఆ స్కేలుతో పరీక్ష తప్పనిసరి చేయాలి. ఫలితం డాక్టరుకూ ఆ మనిషికీ మధ్యే ఉండాలి, యజమానికీ ఊరికీ చేరకూడదు. మరుపున్నవాళ్లకు మూడు నెలల మాత్రలు ఒకేసారి ఇవ్వాలి, రోజూ గుర్తుచేసే మనిషిని జీతమిచ్చి పెట్టాలి.