చొప్పకూ నాణ్యతను బట్టే ధర

జూబ్లీహిల్స్, ఫిలింనగర్ బంగళాలకు పాలు కావాలి. నగరంలోని గేదెలకు మేత మాత్రం పల్లెల నుంచే రావాలి. 2004-05లో పటాన్‌చెరు ఇక్రిశాట్‌లోని శాస్త్రవేత్తలు హైదరాబాదు చొప్ప వ్యాపారాన్ని పరిశీలించారు. నూటికి 47 పాళ్లు అరిగే జొన్న చొప్పకంటే 52 పాళ్లు అరిగేది సుమారు పావువంతు ఎక్కువ ధర పలికింది. ఆ తేడా పండించిన రైతుకు చేరిందా అన్నది వేరే మాట. విత్తనం ఎంచుకునేటప్పుడు గింజతోపాటు చొప్పనూ చూడాలి.

వరిగడ్డిలో మాంసకృత్తులు 3, 4 శాతమే. వేరుశనగ చెక్కలో 40 శాతం పైనే. అయితే బూజు పట్టిన చెక్క పెడితే విషం పాలలోకి దిగుతుంది. 100 కిలోల గడ్డిపై 4 కిలోల యూరియాను సుమారు 50 లీటర్ల నీటిలో కరిగించి చల్లి, మూడు వారాలు గాలి చొరకుండా కప్పితే పోషణ పెరుగుతుంది. తీశాక ఆరబెట్టి మేపాలి. ఆరు నెలల లోపు దూడలకు పెట్టరాదు.